పెద్దనాన్న కుడిచెయ్యి

నా తెలివితేటల వల్ల ఒక మనిషి గోదాట్లో కొట్టుకుపోయాడని కొవ్వూరు ఊరు ఊరంతా రేవులో చేరి ఏడ్చిన పూట ఒకటుంది. పోయినవాడు మా పెద్దనాన్న. కంగారు పడకండి, ఆయన పోలేదు, నా పరువు పోయింది. ఎలా పోయిందో నేనే చెప్పేస్తాను. ఇంకొకళ్ళు చెబితే ఇంకో నాలుగు కలిపి చెబుతారు.

అప్పటికి గోదావరి మీద రైలు వంతెన లేదు. రాజమహేంద్రవరం వెళ్ళాలంటే పడవే గతి. నేను అక్కడ మెట్రిక్యులేషన్ చదివి, తప్పి, ఇంటికొచ్చి, తప్పిన సంగతి జనం మరిచిపోవాలని కనిపించిన వాళ్ళందరికీ సలహాలిస్తూ తిరుగుతున్నాను. ఆ వేసవిలో పెద్దనాన్నకు పక్షవాతం వచ్చింది. కుడి కాలూ, కుడి చెయ్యీ పడిపోయాయి. అమ్మా నాన్నా లేని నన్ను పెంచింది ఆయనే. పొగరుబోతు గిత్తను కొమ్ములు పట్టుకుని ఆపేసే మనిషి, మంచం మీద ఈగను కూడా తోలుకోలేకపోతుంటే నాకు దుఃఖం ఆగేది కాదు.

వైద్యులు సోమయాజులు గారు కొన్నాళ్ళు తైలాలు మర్దన చేయించి, ఒకనాడు నన్ను పక్కకు పిలిచారు.

"నరాల్లోకి బలం వచ్చిందోయ్. ఇక రావలసింది మనసులోకి. రోజూ ఆ చేత్తో ఏదో ఒక పని చేయించు, నాలుగడుగులు వేయించు. ఊరికే వదిలేస్తే చెయ్యి అలాగే బిగిసిపోతుంది. ఏదైనా ఆశపెట్టి లేపాలి."

ఆశపెట్టడమా! పరీక్ష పాసవుతానని ఇంట్లోవాళ్ళకు అంతకాలం ఆశపెట్టినవాణ్ణి, నాకొక లెక్కా?

ముందు ముక్కుపొడి డబ్బీ తీసి ఆయన కుడిపక్కన, అందీ అందకుండా పెట్టాను. పెద్దనాన్న డబ్బీని చూశాడు. చేతిని చూశాడు. నన్ను చూశాడు.

"ఏమే!" అన్నాడు.

పెద్దమ్మ వంటింట్లోంచి పరుగున వచ్చి, మూత తీసి, డబ్బీ ఆయన ముక్కు దగ్గర పట్టుకుంది.

ఇంతలో వరదలు వచ్చాయి, వరదతో పాటు పులసలూ వచ్చాయి. పులస పులుసు గిన్నె ఎదురుగా పెట్టి, విస్తరి వేసి, అన్నం వడ్డించి, నేను నడుం మీద చేతులు వేసుకుని నిలబడ్డాను.

"నీ చేత్తో నువ్వు కలుపుకుంటేనే, పెద్దనాన్నా."

"ఎడంచేత్తో తినమంటావేంట్రా?"

"కుడిచేత్తోనే."

"అది లేవట్లేదు కదరా!"

"లేపి చూడు."

ఆయన కళ్ళు మూసుకుని, బుగ్గలు పూరించి, ఇంటి దూలం ఎత్తుతున్నంత మూలుగు మూలిగాడు. చిటికెనవేలు కదిలిందో లేదో. "అయ్యో, వద్దులెండి, అంత ఆయాసపడకండి" అంటూ తలుపు చాటునుంచి పెద్దమ్మ వచ్చేసింది. ఒక్కొక్క ముల్లూ తీసి, ముద్ద కలిపి, నోట్లో పెట్టింది. నములుతూ కళ్ళు తెరిచి ఆయన నావైపు చూసిన చూపులో రోగం ఏ కోశానా లేదు.

అప్పుడు నాకు అసలు సంగతి అర్థమైంది. కాపురానికి వచ్చిన నాటినుంచీ పెద్దమ్మ ఆయన తిని లేచాక తినేదే గాని, ఆయన ఎదుట కూర్చుని ఎరగదు. "ఏమే" తప్ప ఆయన ఆవిడతో ఇంకో మాట అనగా నేను వినలేదు. ఇప్పుడో! పూటపూటా పక్కన కూర్చోబెట్టుకుని ముద్దముద్దకీ కబుర్లు. చెయ్యి బాగైతే ఈ వైభోగమంతా పోదూ? ఇంత కనిపెట్టినవాణ్ణి అక్కడితో ఊరుకుంటే ఎంత గౌరవంగా ఉండేది! ఊరుకోలేదు.

"పెద్దమ్మా, రాజమండ్రిలో మీ చెల్లెలింటికి వెళ్ళి కొన్నాళ్ళుండు."

"ఆయనకి అన్నం ఎవరు పెడతార్రా?"

"ఎవరూ పెట్టరు. అదే మందు."

"నీ మొహంలా ఉంది మందు. ఆయన ఆకలికి ఆగలేరురా."

"మరి చెయ్యి అలాగే బిగిసిపోవాలా?"

ఆ మాటకు ఆవిడ కళ్ళొత్తుకుంటూ పడవెక్కింది.

నేను లోపలికొచ్చి, మందుకు కాస్త ఘాటు తగిలిద్దామని, "పెద్దమ్మ విసుగెత్తి వెళ్ళిపోయింది. నీ చెయ్యి లేస్తేనే తిరిగొస్తానంది" అని చెప్పాను.

విస్తరి పెడితే పెద్దనాన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు. పోనీ అని నేనే ముద్ద కలిపి పెడితే, అందులో ముల్లు తగిలి, "నన్ను చంపుదామనేంట్రా, వెధవా!" అని ఉమ్మేశాడు. మర్నాడు తెల్లవారాక చూద్దును కదా, మంచం ఖాళీ. మూలనుండే చేతికర్ర లేదు.

మా వీధి చివరే రేవు. గోదావరి ఎర్రగా పరుగులు పెడుతోంది. పెద్దమ్మ భుజం పట్టుకుని వీధరుగు దాకా రావడమే గొప్పైన మనిషి ఎక్కడికి పోతాడు? "బాబోయ్, మా పెద్దనాన్న గోదాట్లో పడిపోయాడు!" అని పెద్ద కేక పెట్టాను. ఇక చూడండి. మగవాళ్ళు గెడలూ వలలూ పట్టుకుని దిగారు. ఆడవాళ్ళు శోకాలు అందుకున్నారు. నేను మాత్రం నిజంగా ఏడ్చాను. ఆయన లేకపోతే నాకెవరున్నారు?

అంతలో అవతలి ఒడ్డునుంచి పడవ తెచ్చిన అప్పన్న ఈ గోల చూసి తెల్లబోయాడు.

"ఏంటి బాబూ, ఎవరు పోయారండి?"

"మా పెద్దనాన్న!"

"ఆయనగారాండి? ఇప్పుడే కదండి అవతల దింపి వస్తన్నాను! చెయ్యందిస్తే నన్ను తిట్టేరండి. కర్ర పొడుచుకుంటా ఆయనే ఎక్కేరండి."

జనం శోకాలు ఆపి నావైపు తిరిగారు. వాళ్ళు గెడలు ఎత్తేలోగా నేను పడవెక్కేశాను.

పెద్దమ్మ చెల్లెలింటి వసారాలో పెద్దనాన్న దర్జాగా పీట మీద కూర్చున్నాడు. పక్కన పెద్దమ్మ, చేతిలో ముద్ద.

"ఏరా, నేను విసుగెత్తి వెళ్ళానన్నానా?" అంది నన్ను చూడగానే.

నేను ఆయన ముందు చతికిలబడి, "అది కాదు పెద్దనాన్నా, అంతా నీ మంచికే..." అంటూండగానే చెంప ఛెళ్ళుమంది.

మోగింది నా ఎడమ చెంప. కొట్టినవాడు నాకు ఎదురుగా ఉన్నాడు. చెంప తడుముకుంటూనే లెక్క కట్టుకుంటున్నాను. నాకన్నా ముందు పెద్దమ్మకు తట్టింది.

"ఏవండీ! కుడిచెయ్యండీ!" అని కెవ్వుమంది.

లోపల్నుంచి ఆవిడ చెల్లెలు పరుగెత్తుకొచ్చి, "ఏదీ, ఏదీ, నేను చూడందే!" అంది.

"ఇంకోసారి కొట్టండి" అని పెద్దమ్మ ఆనందబాష్పాలు రాలుస్తూ నన్ను ముందుకు తోసింది.

ఆయన కొట్టాడు. మొదటిదానికన్నా బాగా కుదిరింది. నాకూ కళ్ళనీళ్ళు తిరిగాయి, సగం సంతోషంతో, సగం మంటతో.

పెద్దమ్మ విస్తరి ఆయన ముందుకు జరిపి, "ఇంకేం, మీరే కలుపుకోండి" అంది. పెద్దనాన్న ఆ చేతిని మెల్లగా ఒళ్ళో వాల్చేసుకున్నాడు.

"కొట్టడానికైతే వచ్చిందే. కలపడానికి ఇంకా రాలేదు" అని నీరసంగా గొణిగి, నోరు తెరిచాడు.

తిరుగు పడవలో గోదావరి నీళ్ళు దోసిట్లోకి తీసుకుని ఒట్టు పెట్టుకున్నాను. ఈ జన్మలో ఇక ఏ రోగికీ ఉత్సాహం కలిగించను. తప్పనిసరై కలిగించవలసి వస్తే, ఆయన కుడిచెయ్యి అందనంత దూరంలో నిలబడి కలిగిస్తాను.