గుండీలు కోసిన చొక్కా

మా పెద్దమ్మ పోయింది. మొన్న పొద్దున నేను బడికి బయలుదేరుతుంటే ఆమె కూతురు ఫోన్ చేసి, "అమ్మ ఇక లేదు సారూ, మీరొచ్చి త్రిశరణం చెప్పాల" అంది. పెద్దమ్మ నాకు చుట్టం కాదు. నరసరావుపేటలో మా చిన్న బుద్ధవిహారానికి వచ్చేవాళ్ళందరికీ ఆమె పెద్దమ్మే. ఆమె ఉండగా చెప్పలేకపోయిన మాట ఒకటి నా దగ్గర మిగిలిపోయింది. అది మీకైనా చెప్పుకోవాలి.

ప్రతి పౌర్ణమికీ నకరికల్లు అవతల నుంచి మొదటి బస్సుకే వచ్చేది. మిరపకోతల రోజుల్లో చేతులు మండుతున్నా చీపురు ఇంకొకరికి ఇచ్చేది కాదు. గోడమీది ఫొటోలన్నీ కొంగుతో తుడిచేది. తను తెచ్చిన గోంగూర పచ్చడి అందరికీ వడ్డించి, ఆఖరున కూర్చునేది. "పెట్టే చెయ్యి కాదయ్యా, పెట్టిన కూర కనపడాల" అని నవ్వేది.

నేనేమో విహారం కార్యదర్శిని. దానం గురించి మైకు పట్టుకుంటే అరగంటకు తక్కువ వదలను. ఒక ఏడాది వానలకు వాగు పొంగి పక్క ఊళ్ళో ఇళ్ళు మునిగితే, బట్టలు తెమ్మని అందరికీ చెప్పాను. "పనికిరానిది ఇస్తే అది దానం కాదు" అని గట్టిగానే అన్నాను. నేనూ ఒక మూట తెచ్చి పడేశాను.

మధ్యాహ్నం పెద్దమ్మ బట్టలు మడతపెడుతూ ఒక నీలం గళ్ళ చొక్కా ఎత్తి చూపించింది.

"ఏంది సారూ ఇది? గుండీలు కోసుకొని చొక్కా ఇచ్చారు. ఎట్టా తొడుక్కుంటాడు పాపం?"

అది నా చొక్కా. పాత చొక్కా ఇంట్లోంచి పోయేముందు గుండీలు కోసి సీసాలో దాచుకోవడం మా అమ్మ నాటి నుంచీ మా ఇంట్లో అలవాటు. కత్తెర పట్టింది నేనే. నాదేనని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. పైగా, ఛీ, తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి, "ఇట్టాంటోళ్ళు కూడా ఉంటారా పెద్దమ్మా! వచ్చే పౌర్ణమికి మైకులో కడిగేస్తాను" అన్నాను.

ఆమె నా మొహం వంక ఒక్క క్షణం చూసి, చొక్కా మడిచి తన సంచిలో పెట్టుకుంది.

"వద్దులే నాయనా. మైకులో చెబితే ఆ ఇచ్చినాయన సిగ్గుపడతాడు. మళ్ళీ ఏమీ తేడు."

రెండు రోజుల తర్వాత చొక్కా తిరిగొచ్చింది. ఏడు గోధుమరంగు గుండీలు, ఒక్కోదానికి నాలుగేసి కుట్లు. "బాగా కుదిరాయి పెద్దమ్మా" అని మెచ్చుకున్నాను కూడా. ఎక్కడివని అడగలేదు.

ఆ తర్వాత ఎన్ని పౌర్ణములు గడిచాయో. ప్రతిసారీ చెబుదామనుకున్నాను. ప్రతిసారీ ఆమే ముందు "తిన్నావా నాయనా" అని అడిగేది, నేను పళ్ళెం అందుకొని కూర్చునేవాణ్ణి. గోడమీద ఆమె తుడిచే ఫొటోల్లో ఒకదాంట్లో నేను ఆ నీలం గళ్ళ చొక్కాలోనే మైకు ముందు నిలబడి ఉన్నానని చానా ఆలస్యంగా గమనించాను. ఆమెకు మొదటి రోజే తెలుసు.

మొన్న వాళ్ళింట్లో అందరిచేతా "బుద్ధం శరణం గచ్ఛామి" అని త్రిశరణం చెప్పించి, అంతా అయ్యాక లేచాను. మేకుకు ఒక మగవాళ్ళ చొక్కా వేలాడుతోంది. ఎప్పుడో పోయిన పెద్దమ్మ భర్తది. ఆయన గుర్తుగా ఆమె దాచుకున్నది అదొక్కటేనట. కూతురు దాన్ని తీసి నా చేతికిచ్చింది.

"ఇది కూడా ఎవరికన్నా ఇమ్మంది సారూ అమ్మ. గుండీలు లేవు. ఏమనుకోబాకండి."

చొక్కా ముందు భాగమంతా ఏడు చోట్ల గోధుమరంగు దారం పోగులు వేలాడుతున్నాయి.

ఇంటికొచ్చి గుండీల సీసా దించాను. నా నీలం గుండీలు ఏడూ అడుగునే ఉన్నాయి. ఏరి, బల్లమీద ఆ పెద్దాయన చొక్కా పక్కన పెట్టి కూర్చున్నాను. ఎంతసేపటికీ సూదిలోకి దారం ఎక్కడం లేదు.