కళ్ళు తెరిచిన సూది

సూదమ్మ అసలు పేరు ఆసుపత్రిలో చాలామందికి గుర్తులేదు. ఆమె నొప్పుల డాక్టరు. నడుము పట్టేసినవాళ్ళు, మెడ తిప్పలేనివాళ్ళు, ఎప్పుడో మానిన గాయం ఇంకా మండుతోందని చెబితే ఇంట్లోవాళ్ళు కూడా నమ్మనివాళ్ళు, అందరూ తిరిగి తిరిగి చివరికి మెట్లు దిగి ఆమె గదికే వస్తారు. ఆ గది కింది అంతస్తులో, బట్టలుతికే విభాగాన్ని ఆనుకుని ఉంటుంది. గోడ అవతల పెద్ద యంత్రాలు దుప్పట్లను గిరగిరా తిప్పుతుంటే ఇవతల గోడ సన్నగా వణుకుతుంది. గదినిండా సబ్బు వాసన. "ఇక్కడిదాకా వచ్చారుగా, సగం నొప్పి ఉతికేసినట్టే," అంటుంది ఆమె, వచ్చినవాళ్ళు బల్లమీద ఒరిగేలోగా.

ఆమె సూదిమందు ఇచ్చే తీరు చూడటానికి ఒకప్పుడు కుర్ర డాక్టర్లు తలుపు దగ్గర గుమిగూడేవాళ్ళు. ఎడమచేతి వేళ్ళతో ఎముకను వెతుక్కుని, కుడిచేత్తో సూదిని దింపి, నరం దగ్గరపడే క్షణంలో కళ్ళు మూసుకునేది. చర్మం దాటాక ఒక మెత్తదనం. తర్వాత గట్టి పొర. ఆ పొర తెగేటప్పుడు బొటనవేలికి మాత్రమే తెలిసే చిన్న అదురు. అక్కడ ఆగేది. సొంత ఇంట్లో చీకట్లో నడిచే మనిషికి దీపం ఎందుకన్నట్టు ఉండేది ఆ పని.

దీపం కావాల్సిందేనని వైద్య మండలి కొత్త నియమం పెట్టింది. ఇకమీదట వెన్ను దగ్గర, పక్కటెముకల దగ్గర సూది వేసే డాక్టర్లందరూ స్కానింగ్ తెరమీద సూదిని చూస్తూ వెయ్యాలి. చూస్తూ వెయ్యడం వచ్చని పరీక్షలో చేసి చూపించాలి. ఒకసారి తప్పితే ఇంకో అవకాశం. అదీ తప్పితే మందులు రాసుకోవచ్చు, సూది మాత్రం ముట్టుకోకూడదు.

మొదటిసారి ఆమె తప్పింది.

రబ్బరు బొమ్మలో నరం ఎక్కడుందో సరిగ్గా అక్కడే సూది దించింది. అయినా పరీక్షకుడు, నెరిసిన మీసాల మనిషి, తల అడ్డంగా ఊపాడు.

"తగిలింది కదండీ!" అంది సూదమ్మ.

"తగిలింది. కానీ మీరు తెర చూడలేదు డాక్టరుగారూ. కళ్ళు మూసుకున్నారు."

"నా కళ్ళతో మీకేం పని? సూది చేరాల్సిన చోటికి చేరిందా లేదా?"

"అది బొమ్మ కాబట్టి ఊరుకుంది," అన్నాడాయన, నెమ్మదిగానే.

ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. తిరుగు ప్రయాణంలో బస్సు కిటికీకి తల ఆనించి ఆయన మీసాలను దారిపొడుగునా తిట్టుకుంటూనే వచ్చింది.

మర్నాడు బేకరీ బాబాయి వచ్చాడు. ఆ వీధిలో రొట్టెలు కొనేవాళ్ళందరికీ ఆయన బాబాయే. పక్కటెముకల వెంట సర్పి పొక్కులు వచ్చి మాడిపోయి చాలాకాలమైంది. పొక్కులు పోయాయి, మంట ఉండిపోయింది. చొక్కా తగిలితే చాలు, ఎవరో వేడి పెనం అంటించినట్టు ఎగిరిపడతాడు. అందుకే గుండీలు పెట్టుకోడు. చొక్కా అంచును రెండు వేళ్ళతో ఒంటికి దూరంగా పట్టుకుని నడుస్తాడు, నీళ్ళలో దిగేవాడు పంచె అంచు ఎత్తిపట్టుకున్నట్టు.

"ఘాటు మాత్రలు సగమే ఇచ్చాడమ్మా మందుల షాపువాడు. కొత్త రూలంట. అలవాటు పడిపోతానంట."

"రూలు మంచిదే బాబాయ్. మొన్న పొయ్యి ముందు నిలబడే నిద్రపోయావట కదా?"

"ఎవరు చెప్పారు? మా ఆవిడేనా?" ఆయన సిగ్గుపడ్డాడు. "ఒక వాయి రొట్టెలు బొగ్గయ్యాయి. నేను బొగ్గవ్వలేదు, సంతోషించండి. కానీ డాక్టరమ్మా, మాత్రలు తగ్గిస్తే మంట పెరుగుతోంది. మంట తగ్గిస్తే నిద్రొస్తోంది. నన్నేం చెయ్యమంటారు?"

ఏం చెయ్యాలో ఆమెకు తెలుసు. పక్కటెముక కింద నరం పక్కన మందు వెయ్యాలి. కానీ ఆ నరానికి వెంట్రుకవాసి దూరంలో ఊపిరితిత్తి పొర ఉంటుంది. అక్కడ బొటనవేలిని నమ్మే ధైర్యం ఆమె ఎన్నడూ చెయ్యలేదు. ఇప్పుడైతే సూది పట్టే హక్కే వేలాడుతోంది. ఆ పని తెలిసిన ఇంకో డాక్టరు పెద్ద పట్నంలో ఉన్నాడు. బాబాయి ఒకసారి అక్కడికి బయల్దేరి, బస్సు కుదుపులకు తట్టుకోలేక మధ్యలోనే దిగి వెనక్కి వచ్చేశాడు.

"నాకు పరీక్ష ఉంది బాబాయ్. అది అయ్యాక చూద్దాం."

"ఈ వయసులో మీకు పరీక్షలేంటమ్మా!" అని నవ్వబోయి, నవ్వితే పక్క కదులుతుంది కాబట్టి ఆపుకున్నాడు. ఆ ఆపుకున్న నవ్వు గదిలో చాలాసేపు ఉండిపోయింది.

ఆ వారాంతంలో చిట్టి డాక్టరు వచ్చింది. ఒకప్పుడు ఇదే గదిలో సూదమ్మ వెనక నిలబడి పని నేర్చుకున్న అమ్మాయి. ఇప్పుడు ఊరూరా తిరిగి డాక్టర్లకు స్కానింగ్ సూది నేర్పిస్తోంది. సంచిలోంచి ఒక జెల్లీ దిమ్మ తీసి బల్లమీద పెట్టింది. దాని మధ్యలో ఒక ద్రాక్షపండు.

"మీ పద్ధతిలోనే గుచ్చండి మేడమ్. తెర వద్దు. ఆ పండే నరం అనుకోండి."

"నాకా నేర్పిస్తున్నావ్?"

"గుచ్చండి ముందు."

సూదమ్మ కళ్ళు మూసుకుంది. మెత్తదనం, తర్వాత చిన్న అదురు. ఆగింది. "తగిలింది."

"తగిలింది," అని ఒప్పుకుంది చిట్టి డాక్టరు. తర్వాత దిమ్మను మెల్లగా పైకెత్తింది. అడుగున పల్చటి ప్లాస్టిక్ పొర, దాని కింద సీలు చేసిన సంచిలో నీలం నీళ్ళు. ఆ పొరమీద ఒక చిన్న నీలం చుక్క పుట్టి, పెరిగి, జారి, బల్లమీద పడింది.

సూది పండును దాటి కిందికి వెళ్ళింది. బొటనవేలికి ఆ సంగతి తెలియలేదు.

"ఆ పొర ఊపిరితిత్తిది అనుకోండి," అంది అమ్మాయి, తల వంచుకుని.

గోడ అవతల యంత్రం ఆగింది. సూదమ్మ ఆ నీలం చుక్కనే చూస్తూ కూర్చుంది. మీసాల పరీక్షకుడి మాట మళ్ళీ వినిపించింది. ఈసారి ముల్లులా కాదు.

"నన్నెప్పుడూ ఎందుకు అనలేదే, కళ్ళు మూసుకోవద్దని?"

"ఏమనను మేడమ్? నేనూ మీ దగ్గర నేర్చుకుని మూసుకునేదాన్నేగా! మానేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వేశారు. అమ్మాయి తన సంచిలోంచి ఫోనుకు తగిలించే చిన్న స్కానింగ్ పరికరం తీసి ఆమె చేతిలో పెట్టింది. "పరీక్ష దాకా మీ దగ్గరే ఉంచుకోండి. ఒక్కటే గుర్తుపెట్టుకోండి. తెరమీద సూది కనిపించకపోతే కంగారులో రెండు చేతులూ కదిలిస్తాం. సూదీ తప్పిపోతుంది, వెతికే చెయ్యీ తప్పిపోతుంది. ఒక చెయ్యి ఆగాలి."

అలా వంటిల్లు బడి అయింది.

రాత్రి గిన్నెల్లో జెల్లీ పోసి, మధ్యలో ద్రాక్షపళ్ళు దాచి ఫ్రిజ్‌లో పెట్టేది. తెల్లారి ఆసుపత్రికి వెళ్ళేముందు బల్లమీద బోర్లించి సాధన చేసేది. ఒకరోజు ఆమె భర్త, మాట తక్కువ మనిషి, ఆ దిమ్మలో ఒక మూల కోసుకుని తినేశాడు.

"తీపి మర్చిపోయావా?" అన్నాడు నములుతూ.

"అయ్యో, అది ఊపిరితిత్తి అండీ!"

ఆయన నమలడం ఆపాడు. మింగాలా ఉమ్మాలా తెలియక గోడవైపు చూశాడు. పక్కనే కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తున్న అత్తగారు పొట్ట పట్టుకుని నవ్వింది. "మింగెయ్‌రా నాయనా, మీ ఆవిడే డాక్టరు!"

ఆ అత్తగారే చివరికి పంతులమ్మ అయింది. కోడలు తెరవంక చూస్తూ సూది దించడం, నరం దగ్గరపడగానే రెప్పలు వాటంతటవే వాలిపోవడం ఆమె గమనించింది. ఒక స్టీలు గ్లాసు, ఒక చెంచా తెచ్చుకుని ఎదురుగా కూర్చుంది.

టంగ్! "కళ్ళు!"

"తెరిచే ఉన్నాయి అత్తయ్యా."

"నా మొహం తెరిచావ్. మళ్ళీ చెయ్యి."

టంగ్! "కళ్ళు!"

కొన్నాళ్ళకు కళ్ళు నిలబడ్డాయి. అప్పుడు చేతులు మొదలుపెట్టాయి. తెరమీద సూది మాయం కాగానే రెండు చేతులూ ఒకదాన్నొకటి వెతుక్కుంటూ జాతరలో తప్పిపోయిన పిల్లల్లా తిరిగేవి.

టంగ్! "రెండూ కదుల్తున్నాయే! ఒకటి ఆపమందిగా ఆ పిల్ల?"

"మీకు తెరమీద ఏం కనిపిస్తోందో తెలుసా అత్తయ్యా?"

"నాకు బూడిద కనిపిస్తోంది. నీ చేతులు మాత్రం బాగా కనిపిస్తున్నాయి."

చుట్టుపక్కలవాళ్ళు ఆ ఇంట్లో పొద్దున్నే గ్లాసు మోగడమేమిటో అర్థంకాక కొన్నాళ్ళు ఆలోచించారు, తర్వాత అలవాటు పడ్డారు. సూదమ్మకు కలలో కూడా బూడిదరంగు మబ్బులు, వాటి మధ్య ఒక తెల్లటి గీత కనిపించేవి. ఆ గీత కోసం నిద్రలో చెయ్యి కదిలేది. ఒక్క చెయ్యే.

పరీక్ష హాలులో మళ్ళీ అదే మీసం. ఆమెను గుర్తుపట్టాడు. "పోయినసారి నాతో పోట్లాడారు."

"ఈసారీ తయారయ్యే వచ్చానండీ, అవసరం పడితే."

మీసం కింద పెదవి కొంచెం కదిలింది. బల్లమీద రబ్బరు ఛాతీ. పక్కటెముకల మధ్య నరం, దాని కింద ఊపిరితిత్తి పొర. ఆమె ఎడమచేత్తో పరికరం ఆనించింది. తెరమీద ఎముక నీడ, దాని పక్కన మెరిసే సన్నటి పొర. కుడిచేత్తో సూది దించింది. తెల్లటి గీత మబ్బులోంచి వచ్చింది, ముందుకు సాగింది, నరం ఇంకాస్త దూరంలో ఉండగా మాయమైపోయింది.

హాలు ఒక్కసారిగా చాలా పెద్దదైపోయినట్టనిపించింది. రెప్పలు బరువెక్కాయి. బొటనవేలు లోపల్నుంచి బతిమాలింది, నాకు తెలుసు, నన్ను వెళ్ళనీ అని. ఎడమచెయ్యి పక్కకు జరగబోయింది, కుడిచెయ్యి ముందుకు దూకబోయింది. బేకరీ బాబాయి ఆపుకున్న నవ్వు గుర్తొచ్చింది. బల్లమీద జారిన నీలం చుక్క గుర్తొచ్చింది.

టంగ్!

ఎవరూ ఏమీ మోగించలేదు. ఆమెకు మాత్రమే వినిపించింది.

కుడిచెయ్యి రాయిలా ఆగింది. ఎడమచేతి పరికరాన్ని ఒక్క పిసరు వంచింది. ఇంకొక పిసరు. బూడిదరంగులో ఎక్కడో ఒక మెరుపు, తలుపు సందులోంచి గదిలోకి పడిన ఎండలా. అది సాగి గీతైంది. గీత చివర సూదిమొన, దాని కింద పొర ఇంకా క్షేమంగా మెరుస్తోంది. ఆమె మందు వదిలింది. తెరమీద ఆ మందు నల్లటి చిన్న కొలనులా విచ్చుకుని, పొరను సుతారంగా కిందికి వంచింది. సూది పొరను తాకలేదు. కళ్ళు ఒక్కసారీ మూతపడలేదు.

పరీక్షకుడు తెరమీదికి వంగి చూశాడు. తర్వాత, "సూది కనిపించనప్పుడు ఆగారు. అక్కడే అందరూ తప్పుతారు. ఏమనుకున్నారు ఆ క్షణంలో?" అన్నాడు.

"మా అత్తగారి చెంచా అండీ."

ఆయనకు అర్థంకాలేదు. అర్థమైనట్టే తలూపి, చెయ్యి చాపాడు. "పాసయ్యారు డాక్టరుగారూ. మీ పోట్లాట మాత్రం బాకీ ఉండిపోయింది."

బయటికొచ్చి ఇంటికి ఫోన్ చేసింది. అత్తగారు ఎత్తింది. కోడలు నోరు తెరిచేలోగా, అవతల గ్లాసుమీద చెంచా టంగుటంగుమని, ఆగకుండా, గుడిగంటలా మోగింది. సూదమ్మ ఫోను చెవికి దూరంగా పట్టుకుని, వచ్చేపోయేవాళ్ళు చూస్తున్నా సరే, రోడ్డుమీదే పకపకా నవ్వింది.

బేకరీ బాబాయి ఆ వారమే వచ్చి బల్లమీద పక్కకు తిరిగి పడుకున్నాడు. తలెత్తి తెర చూశాడు. "నా లోపల ఇంత మబ్బుపట్టి ఉందా అమ్మా?"

"మబ్బే బాబాయ్. కదలకు, వాన పడుతుంది."

ఆయన ఊపిరి పీల్చినప్పుడల్లా తెరమీద పొర వెండి అలలా జారుతోంది. రబ్బరు బొమ్మలో లేనిది ఇదే, ఊపిరి. ఆమె దాని లయ తెలిసేదాకా ఆగింది. సూది దించింది. గీత, మొన, నరం, ఆ కింద బతుకుతున్న మెరుపు, అన్నీ తెరమీద కనిపిస్తూనే ఉన్నాయి. మందు వదిలింది. పొర వంగింది. సూది బయటికొచ్చింది.

ఒక్కసారితో అయిపోయే పని కాదని ముందే చెప్పింది. ఇంకా రావాలి, మాత్రలు మెల్లమెల్లగా తగ్గించుకోవాలి, మంట అప్పుడప్పుడూ పలకరించవచ్చు. ఆయన అన్నింటికీ సరేనన్నాడు. కాసేపు బల్లమీదే కూర్చున్నాడు. తర్వాత, మరిచిపోయి, చొక్కా అంచు వదిలేశాడు, అది పక్కకు తగిలింది. ఎగిరిపడబోయి ఆగాడు. ఏమీ కాలేదు. చేత్తో పక్కను తడిమాడు, పరాయి ఒంటిని ముట్టుకున్నట్టు. మళ్ళీ తడిమాడు.

"డాక్టరమ్మా," అన్నాడు గొంతు తగ్గించి, "చలిగా ఉందే ఈ గది!"

అని పైగుండీ పెట్టుకున్నాడు. దాని కింది గుండీ. వేళ్ళు అలవాటు తప్పి తడబడుతుంటే తనే నవ్వుకున్నాడు. ఈసారి నవ్వు ఆపుకోలేదు, పక్కలు ఎగిరేలా, పొట్ట అదిరేలా నవ్వాడు. గోడ అవతల యంత్రాలు ఒక్కసారిగా తిరగడం మొదలుపెట్టాయి, గదంతా సన్నగా వణికింది. ఆయన చివరి గుండీ దాకా వెళ్ళాడు. సూదమ్మ రెప్ప వెయ్యకుండా చూసింది.