పార్సిలమ్మ పెట్టిన ఫొటో

మా నాన్న చెల్లెలు, అంటే మా మేనత్త, ఊరందరికీ పార్సిలమ్మ. కళ్ళద్దాల కొట్టు పక్కన, మేడమెట్ల కిందున్న ఇరుకు గదే ఆమె కొరియర్ ఆఫీసు. ఒక బల్ల, ఒక కాటా, టేపు చుట్టలు, వెనక గోడకు ఊళ్ళోని వీధుల పటం. ఆ పటం వచ్చినవాళ్ళు చూడటానికే. అత్తకు దానితో పనిలేదు.

కొట్టు పెట్టేనాటికి మా మామయ్య లారీ తోలేవాడు, నెలలో సగం రోజులు ఊళ్ళో ఉండేవాడు కాదు. "ఆడదానివి, బండేసుకుని ఈ తిరుగుడు నీకెందుకే? ఎక్కడైనా పడితే ఎవరు చూస్తారు?" అని ఇంటికొచ్చినప్పుడల్లా పాట పాడేవాడట. అత్త విన్నట్టే విని పొద్దున్నే బండి తీసేది. ఇప్పుడు లారీ మానేసి ఆ మామయ్యే ఆమె దగ్గర పార్సిళ్ళు మోస్తున్నాడు. ఎవరైనా ఎత్తిపొడిస్తే, "మా ఓనరమ్మ మంచిది, టీ తాగనిస్తుంది" అంటాడు.

చాలామందికి నోట్లో నువ్వుగింజ నానదు. అత్త నోట్లో బస్తా నువ్వులు పోసినా నానుతాయి. ఏ పార్సిల్ ఎవరిది, ఎవరు పంపారు, ఒక్క ముక్క బయటికి రాదు. నేనే అడిగి తిట్లు తిన్నాను. "మనం మోసే చేతులమే, చూసే కళ్ళం కాదు" అనేది.

ఎదురుగా ఒక పెద్ద కొరియర్ కంపెనీ బ్రాంచి తెరిచాక మాకు ఈగలు తోలుకునే రోజులొచ్చాయి. అద్దాల తలుపులు, ఏసీ, ఒకే రంగు చొక్కాల్లో కుర్రాళ్ళు. మాకు మిగిలిన గట్టి బేరం వెనక వీధిలో కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబు ఒక్కటే. రోజూ వాళ్ళ డబ్బాలు ఆస్పత్రులకీ, ఒక్కోసారి నేరుగా ఇళ్ళకీ చేరవేయాలి. అది కూడా పోతే కొట్టుకు తాళం వేసుకోవడమే.

"ఫోన్లో కనిపించకపోతే ఊళ్ళో లేనట్టే అత్తా" అని చెప్పి నేనో పేజీ పెట్టించాను. ఆమె కెమెరా ముందు పాస్‌పోర్టు ఫొటోకు నిలబడ్డట్టు నిలబడి, రైల్వే స్టేషన్ మైకులో చెప్పినట్టు మా సేవల గురించి చెప్పింది. మా పిన్ని ఒక లైకు కొట్టింది. మామయ్య రెండు ఫోన్లలోంచి రెండు కొట్టాడు. అక్కడితో సరి.

కలిసొచ్చింది ఒక పొరపాటు వల్ల. పార్సిల్ గుమ్మం ముందు పెట్టి, ఫొటో తీసి, పంపినవాళ్ళకు రుజువుగా పంపడం అత్త అలవాటు. కొత్త ఫోన్ కదా, ఏం నొక్కిందో, ఒకరోజు ఫొటోలన్నీ వాట్సాప్ స్టేటస్‌లోకి పోయాయి. సాయంత్రానికి ఫోన్లే ఫోన్లు. "పొద్దున ఇచ్చింది మధ్యాహ్నానికే చేర్చేశావా పార్సిలమ్మా? మాదీ ఒకటుంది, రా!"

ఇక రోజూ అదే పని. డబ్బా మీద పేరూ చిరునామా కనబడకుండా అటు తిప్పి తీయమని నేను నియమం పెట్టాను. కింద రాతలు మాత్రం అత్తవే. "చేరింది. కుక్క కరవలేదు." "చేరింది. మెట్లు చాలా. లిఫ్టు ఉందని దిగాక చెప్పారు." జనం పార్సిల్ లేకపోయినా ఆ రాతల కోసం చూసేవాళ్ళు. ఎదురుకొట్టు కుర్రాళ్ళు కూడా చూసేవాళ్ళు.

అంతా బాగుందనుకుంటూ ఉండగా ల్యాబు నుంచి పాటల మాస్టారి డబ్బా వచ్చింది. నియమం ప్రకారం చిరునామా ఉన్న వైపు గోడకు తిప్పి, అత్త శ్రద్ధగా ఫొటో తీసింది. డబ్బాకు ఇవతలి వైపున ల్యాబు వాళ్ళ బొమ్మ ఉంది, నిండా పళ్ళతో ఇకిలిస్తున్న నోరు. వెనక తలుపు మీద శిష్యులు వేసిన వయొలిన్. అలాంటి తలుపు ఊళ్ళో ఇంకొకటి లేదు. అదీ చాలనట్టు కింద రాత: "చేరింది. లోపల మాస్టారు పాడుతున్నారు, అందుకే పిలవలేదు."

ఆ మాస్టారు రోజూ పార్కులో నడిచేవాళ్ళ ముందు, "ఈ వయసులోనూ నాకు ఒక్క పన్ను కదల్లేదయ్యా" అని కోతలు కోసే మనిషి. ఇక చెప్పాలా? నేను చూసి కేకపెట్టేసరికే ఊరంతా చూసింది. వెంటనే తీసేశాం, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు.

ల్యాబు ఓనరు ఫోన్ చేశాడు. "మా దగ్గరికొచ్చేవాళ్ళలో సగంమంది ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పకుండా వస్తారమ్మా. నిన్ను నమ్మే కదా ఇన్నాళ్ళూ ఇచ్చింది? మాస్టారు శాంతిస్తే సరే. లేదంటే రేపట్నుంచి డబ్బాలు ఎదురుకొట్టుకే."

అత్త నన్ను వెంటబెట్టుకుని మాస్టారి ఇంటికి వెళ్ళింది. ఆయన నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని తలుపు తీశాడు.

"తప్పు నాదే మాస్టారూ. క్షమించమని అందరూ చూసేలా ఫోన్లో పెడతాను."

"పెట్టు తల్లీ, పెట్టు! చూడనివాళ్ళు ఎవరైనా మిగిలుంటే వాళ్ళూ చూస్తారు." ఆయన రుమాలు ఇంకా గట్టిగా నొక్కుకున్నాడు. "పార్కంటే మానేస్తాను. రేపు పిల్లలొస్తారు పాఠానికి. వాళ్ళ ముందు నోరెలా తెరవను?"

తిరుగుదారి పట్టాం. నాకు ఆ ముసలాయన మీద జాలి, అత్త మీద జాలి, ఇకిలించే నోరు బొమ్మ వేసినవాడి మీద మహా కోపం.

కొట్టుకొచ్చాక అత్త, "వీడియో తియ్యి" అంది.

"ఏం చెప్తావత్తా?"

"నువ్వు తియ్యవే ముందు."

తీస్తున్నాను. అత్త బల్ల వెనక నిలబడి, నోట్లో వేళ్ళు పెట్టి, పైవరసలో ముందు రెండు పళ్ళూ ఊడదీసి అరచేతిలో పెట్టుకుంది. ఈమెను పుట్టినప్పట్నుంచీ చూస్తున్నాను నేను, ఒక్కసారీ అనుమానం రాలేదు.

"ఇవి కట్టుడు పళ్ళు. నావే," అంది, పళ్ళ సందులోంచి గాలి పోతుండగా. "కొట్టు పెట్టిన కొత్తలో వానలో బండి జారి పడ్డాను. పళ్ళు ఊడిపోయాయి, పార్సిల్ మాత్రం తడవకుండా చేర్చాను. మా ఆయన లారీ మీద ఉన్నాడప్పుడు. తెలిస్తే కొట్టు మూయిస్తాడని, తిరిగొచ్చేలోపు ఇవి పెట్టించుకున్నా. ఇన్నేళ్ళూ వీటితోనే తిన్నా, వీటితోనే మీ అందరితో పోట్లాడా. నవ్వొస్తే నన్ను చూసి నవ్వండి. మాస్టారి పాట ఎప్పటిలాగే ఉంది. నేను గుమ్మంలో నిలబడి విన్నాను."

పళ్ళు మళ్ళీ పెట్టుకుని, "పెట్టెయ్" అంది.

ఊరు నవ్వింది. కానీ ఈసారి ఎవరికివాళ్ళు తమ లొసుగులు చెప్పుకుంటూ నవ్వారు. కళ్ళద్దాల కొట్టాయన తన జుట్టు విగ్గని స్టేటస్‌లో రాశాడు. మర్నాడు మాస్టారి దగ్గర్నుంచి వాయిస్ మెసేజి వచ్చింది. "పిల్లలందరూ వచ్చారమ్మా. నోరు తెరిచే పాడాను. అవునుగానీ నీవి నాకంటే బాగా కుదిరాయి, కొలతలు ఎవరు తీశారు?" ఆ వెనకే ల్యాబు ఓనరు, "డబ్బాలు రెడీగా ఉన్నాయి, వచ్చి తీసుకెళ్ళు. ఇంక గుమ్మాల ఫొటోలు మాత్రం వద్దు తల్లీ" అన్నాడు.

మామయ్య మాత్రం ఆ వీడియోకి ఒక్క ఫోన్లోంచి కూడా లైకు కొట్టలేదు. ఆ మధ్యాహ్నం డబ్బాలు ఇచ్చి వచ్చి, హెల్మెట్ కూడా తీయకుండా స్టూలు మీద కూర్చున్నాడు. గొడవ ఇప్పుడు మొదలవుతుందని నేను టేపు చుట్టల వెనక్కి తప్పుకున్నాను.

"నాకు కూడా చెప్పలేదా?" అన్నాడు.

"చెప్తే మూయించేవారు కదా."

"మూయించేవాణ్ణే." హెల్మెట్ తీసి బల్ల మీద పెట్టి, మెల్లగా అడిగాడు. "అప్పుడు బాగా నొప్పి పుట్టిందా?"

"చాలా పుట్టిందండీ," అంది అత్త. పార్సిళ్ళు పట్టుకుని ఇద్దరు గుమ్మంలో నిలబడి ఉన్నా లెక్కచేయకుండా ఏడ్చేసింది.