రెండు నిమిషాల దమ్ము

"వగరుస్తున్న ఎద్దు మీద ఎవడన్న నీళ్లు గుమ్మరిస్తడా, జంగన్నా?" అని ఆరాంఘర్ మెకానిక్ ఖాజా అడిగిన నాటి నుంచి, శంషాబాద్ క్యాబ్ డ్రైవర్ జంగయ్య బండి ఆగగానే ఇంజన్ ఆపడు. టర్బో బండి, వేడి దిగేదాకా రెండు నిమిషాలు ఊరికే తిరగనిస్తాడు. ఆ రెండు నిమిషాలూ మనిషికి కుదురుండదు. స్టీరింగ్ మీద వేళ్లతో దరువేస్తాడు, తలుపు తీస్తాడు, వేస్తాడు, దిగి బానెట్ మీద అరచెయ్యి ఆనించి చూస్తాడు. బక్షీసు కోసం నిలబడ్డాడనుకుని మొన్న ఒక గుంటూరాయన "ఇంకేం కావాలండీ?" అని విసుక్కున్నాడు. "నాకేం వద్దు సారూ. ఇంజన్ జర దమ్ము తీసుకుంటున్నది" అన్నాడు జంగయ్య.

రన్‌వే కిందికి పోయిన చెల్కను ఇరవై ఏళ్లు దున్నినవాడు. కాడి దించగానే ఎద్దుకు నీళ్లు పెట్టొద్దని ఊరందరికీ చెప్పినవాడు. అదే మనిషి పోయిన ఎండాకాలం ఒకాయన "ఫ్లైట్ పోతది, తొక్కు తొక్కు" అంటే బండిని ఆపకుండా తోలాడు. ఆయన్ను దించాక మాడు వాసన వస్తే, ఇంజన్ ఆపి బానెట్ ఎత్తాడు. ఇంజన్ పొగను బయటికి పంపే మానిఫోల్డు, మునిమాపు మసకలో ఎర్రగా మెరుస్తోంది. కొలిమిలోంచి తీసిన కర్రును కమ్మరి నీళ్లలో ముంచడం గుర్తొచ్చింది గాని, ఎద్దు గుర్తుకు రాలేదు. సీసాడు నీళ్లు పోశాడు. పోత ఇనుము ఫట్‌మని పగిలింది. కొత్త మానిఫోల్డు వేసిన ఖాజాకు ఇంకా నాలుగు వేల రెండొందలు బాకీ ఉంది.