చెరువు దగ్గర ఆగిన సుడిగాలి

2018 ఆగస్టులో ఒక ఆదివారం, హానోవర్‌కు గంటన్నర దూరంలోని చిన్న పట్టణపు రేసు మైదానంలో, గెలుస్తుందని నేను ఆరు వారాల ముందే చెప్పిన గుర్రం అన్నిటికంటే ముందుగా చెరువు చేరుకుంది. చేరుకుని ఆగింది. జాకీ దాని మెడ మీదుగా జారి నీళ్లలో పడ్డాడు. గుర్రం అతని వైపు చూడనైనా చూడలేదు. తల వంచి తాపీగా నీళ్లు తాగడం మొదలుపెట్టింది. వెనక వచ్చిన గుర్రాలు దాని పక్కనుంచే చెరువులోకి దిగి, మెడలు మాత్రం పైకి కనిపించేలా ఈదుకుంటూ అవతలి గట్టు ఎక్కి వెళ్లిపోయాయి.

నా పక్కన నిలబడ్డ ప్రశాంత్ గుర్రం వైపు చూశాడు.

"దూపయినట్టుంది అంకుల్" అన్నాడు.

ఆ గుర్రం మీద అతను పెట్టింది డబ్బు కాదు, తన పెళ్లి ముహూర్తం.

నేను హైదరాబాద్‌లో ఒక తెలుగు దినపత్రికకు ఇరవై తొమ్మిదేళ్లు రేసుల విలేకరిగా పనిచేశాను. రోజూ తెల్లవారకముందే మైదానానికి వెళ్లి గుర్రాల సాధన చూడటం, స్టాప్‌వాచ్‌తో వేగం రాసుకోవడం, గుర్రాల బాగోగులు చూసే సయీసులకు చాయ్ ఇప్పించి గుర్రం సరిగా మేస్తోందో లేదో కనుక్కోవడం, చివరికి ఒక్కో పందేనికి మూడు పేర్లు వరుసగా ఇవ్వడం నా పని. ఆ ఏడాది జూన్‌లో జర్మనీలో చదువుకుంటున్న తెలుగు విద్యార్థుల మీద వరుస కథనాలు వేయాలని మా ఎడిటర్ నిర్ణయించారు. చదువుల పేజీ చూసే విలేకరికి వీసా టెర్మిన్, అంటే ఇంటర్వ్యూ తేదీ, దొరకలేదు. అంతకుముందు ఏడాది ఫ్రాన్స్ రేసులకని తీసుకున్న, జర్మనీలోనూ పనికొచ్చే వీసా నా పాస్‌పోర్టులో ఇంకా చెల్లుబాటులో ఉంది. మాట్లాడలేని గుర్రాల గురించి ముప్ఫై ఏళ్లు రాసినవాడివి, మాట్లాడే పిల్లల గురించి రెండు నెలలు రాయలేవా అని ఎడిటర్ నన్ను పంపారు.

హానోవర్‌లో ప్రశాంత్ ఇంట్లో దిగాను. మా పత్రికలో పేజీలు దిద్దే మిత్రుడి మేనల్లుడు, ఊరు వరంగల్. బ్లూ కార్డు అనే ఉద్యోగ అనుమతి మీద ఒక ఇంజనీరింగ్ కంపెనీలో చేరి అప్పటికి ఎనిమిది నెలలు. నేను కెమ్నిట్జ్, జార్‌బ్రూకెన్ వెళ్లి విద్యార్థులతో మాట్లాడి రావడం, అతని వంటింటి బల్ల మీద కూర్చుని రాయడం. పని సాఫీగానే సాగుతుండగా, ఒక సాయంత్రం నా అసలు పని ఏమిటో గుర్తొచ్చినట్టు అతను ఒక కాగితం తెచ్చి ముందు పెట్టాడు. అందులో ఇరవై రెండు గుర్రాల పేర్లున్నాయి.

సంగతి ఇది. అతని విభాగంలో ఎనిమిది మంది. ఒకే సమయంలో ముగ్గురికి మించి సెలవు పెట్టకూడదు. శీతాకాలపు సెలవుల జాబితా వేసవిలోనే తయారవుతుంది. ఎవరు ముందు కోరుకోవాలనే దాని మీద ప్రతి ఏడాదీ మాటా మాటా పెరుగుతుండటంతో, రేసుల పిచ్చి ఉన్న వాళ్ల మేనేజరు ఒక ఆట పెట్టాడు. ఆగస్టులో జరిగే పెద్ద స్టీపుల్‌చేజ్‌లో గెలిచే గుర్రం పేరు రాసివ్వాలి. నామినేషన్లు, అంటే పందేనికి నమోదైన గుర్రాల పేర్లు, వచ్చిన వారంలోనే రాసిస్తే మూడు పాయింట్లు. పందేనికి రెండు రోజుల ముందు, బరిలో ఎవరు మిగిలారో తేలాక రాసిస్తే ఒకటే. ముందే రాసిచ్చిన గుర్రం పరుగెత్తకపోతే సున్నా, మార్చుకోవడం కుదరదు. బుకీల దగ్గర ముందస్తు పందేలకు ఉండే నియమం కూడా ఇదే: లాభం ఎక్కువ, గుర్రం బరిలోంచి తప్పుకుంటే పెట్టింది తిరిగి రాదు. పాయింట్ల వరుసలో సెలవులు కోరుకోవాలి.

ప్రశాంత్‌కు డిసెంబరు మొదటి మూడు వారాలూ కావాలి. రెండో వారంలో ముహూర్తం. ఆ వెంటనే ధనుర్మాసం, తర్వాత పుష్యం, ఇక మాఘం దాకా మంచిరోజుల్లేవు. బ్లూ కార్డు కాగితాల వల్ల ఒకసారి అప్పటికే వాయిదా పడింది. మళ్లీ వాయిదా అంటే వేరే సంబంధం చూసుకుంటామని హన్మకొండలో పెళ్లికూతురి తండ్రి నెమ్మదిగానే చెప్పాడట. నెమ్మదిగా చెప్పడం చూసే ప్రశాంత్ భయపడ్డాడు.

స్టీపుల్‌చేజ్ గురించి నాకు తెలిసింది చాలా తక్కువ. మన దగ్గర గుర్రాలు చదునైన పచ్చిక మీద పరుగెత్తుతాయి. ఇక్కడ పొదల కంచెలు, గోతులు దూకాలి, ఈ పందెంలో అయితే చెరువు కూడా దాటాలి. అయినా గుర్రం గుర్రమే అనుకున్నాను. నామినేషన్లలో రెండు గుర్రాలు హానోవర్ దగ్గరి ఒకే శిక్షకుడివి. ఆయన్ని కలవడానికి లావణ్యను వెంటబెట్టుకున్నాం. తెనాలి అమ్మాయి, హానోవర్‌లో మాస్టర్స్ చదువుతోంది, నా కథనాల కోసం పరిచయమైంది. మా ముగ్గురిలో జర్మన్ బాగా వచ్చింది ఆమెకే.

శిక్షకుడు హెర్ లూడర్స్, అంటే లూడర్స్ గారు. అరవై దాటిన మనిషి. మమ్మల్ని కాఫీకి కూర్చోబెట్టి, అడక్కముందే అన్నీ చెప్పాడు. ఆడగుర్రం విండ్స్‌బ్రౌట్ మంచి వేగం, కానీ నీళ్లు చూస్తే ఆగిపోతుంది, యజమాని పట్టుబట్టకపోతే అసలు దింపనన్నాడు. ఓటో అనే ముసలి గుర్రం నెమ్మది, కానీ దేనికీ ఆగదు, వాన పడి నేల మెత్తబడితే అదే గెలుస్తుందన్నాడు.

మా ఊళ్లో ఏ శిక్షకుడూ ముక్కూమొహం తెలియని విలేకరికి ఇంత చెప్పడు. గుర్రానికి దగ్గని ఒకాయన అంటే అది గెలవబోతోందని, బ్రహ్మాండంగా ఉందంటే ఆ వారం దాన్ని వదిలేయాలని నేను నా వృత్తిలో మొదటి అయిదేళ్లలో నేర్చుకున్నాను. విండ్స్‌బ్రౌట్, అంటే సుడిగాలి, ఆ ఉదయం వెయ్యి మీటర్లు అరవై రెండు సెకన్లలో పరుగెత్తడం నా వాచీలో చూశాను. ఓటోను చూస్తే పందేలకంటే పాల బండికి నప్పేలా ఉంది. గుర్రాన్ని తోముతున్న అమ్మాయిని విడిగా అడిగించాను. ఆమె కూడా అక్షరం పొల్లుపోకుండా అదే చెప్పింది. కొట్టం మొత్తానికి పాఠం అప్పజెప్పించారని నాకు నమ్మకం కుదిరింది.

నా మొహం చూసి హెర్ లూడర్స్ అనుమానం తీర్చాలనుకున్నాడు. గుర్రాన్ని వెనకున్న నీటిమడుగు దగ్గరికి నడిపించాడు. అది ఆగింది. లాగితే ఇంకా బిగుసుకుంది. అలా ఆగడం కూడా నేర్పించి ఉంటారని నాలో నేను మెచ్చుకున్నాను.

తిరుగు రైల్లో నా విశ్లేషణ చెప్పాను. లావణ్య శ్రద్ధగా వింది.

"మరి ఆయన చెప్పింది అదేనండీ. నేనేం కలపలేదు" అంది.

"నువ్వు కలపలేదమ్మా, ఆయనే తీసేశాడు" అన్నాను.

ప్రశాంత్ కొంచెం నసిగాడు. "అంకుల్, గీడ మనుషులు ఉన్నదున్నట్టే చెప్తరు. మా మేనేజరు నా కోడు బాలేదంటే బాలేనట్టే" అన్నాడు.

ఉద్యోగమైతే అంతే, గుర్రాల సంగతి వేరని అతన్ని ఒప్పించాను. మూడు పాయింట్లకు ఆఖరి రోజున విండ్స్‌బ్రౌట్ పేరు రాసిచ్చాడు. రెండు రోజుల ముందు వచ్చిన తుది జాబితాలో దాని పేరుంది. దింపనన్న గుర్రాన్ని దింపారు చూశావా అని నేను ప్రశాంత్ వీపు తట్టాను. తర్వాత తెలిసింది, యజమాని నిజంగానే పట్టుబట్టాడట.

పందెం ముందురోజు రాత్రంతా వాన పడింది. ఓటో గెలిచింది. చెరువులోంచి నాలుగోదిగా లేచి, మిగతావి ఒక్కొక్కటే అలసిపోతుంటే, అదే నడకతో గీత దాటింది.

ప్రశాంత్ విభాగంలో ఓటో పేరు మూడు పాయింట్లకు రాసిచ్చింది ఒక్కరే. కార్యాలయ వ్యవహారాలు చూసే ఫ్రావు హార్ట్‌మాన్ అనే ఆవిడ. మేనేజరు అక్కడే, మైదానంలో, అందరి ముందూ ఆమె పద్ధతి ఏమిటని అడిగాడు. జూన్‌లో శిక్షకుడికి ఫోన్ చేసి ఏది గెలుస్తుందని అడిగానని, ఆయన చెప్పాడని ఆమె జవాబిచ్చింది. పందెం చూడటానికి మాతో వచ్చిన లావణ్య ఆ మాటను తెలుగులో చెప్పేటప్పుడు నా వైపు చూడకుండా ఉండటానికి చాలా ప్రయత్నించింది.

మర్నాడు ఫ్రావు హార్ట్‌మాన్ డిసెంబరు మొదటి మూడు వారాలూ కోరుకుంది. చివర్లో ఓటోను రాసిచ్చి ఒక్కో పాయింటు తెచ్చుకున్న ఇద్దరు ఆ వారాల్లో మిగతా రెండు చోట్లూ తీసుకున్నారు. ప్రశాంత్ ఆ సాయంత్రం అన్నం ముందు కూర్చుని హన్మకొండకు ఫోన్ ఎలా చేయాలో ఆలోచిస్తున్నాడు. సెలవు ఎందుకో ఆఫీసులో చెప్పావా అని అప్పుడు అడిగాను. చెప్పలేదట. దరఖాస్తులో వ్యక్తిగత కారణాలని రాశాడట. శుభలేఖలు అచ్చయ్యేదాకా బయటివాళ్ల చెవిన వేయొద్దు, దిష్టి తగులుతుందని వాళ్లమ్మ చెప్పింది. హానోవర్‌లో కూడానా అంటే, ఆమె ఊళ్ల పేర్లు విడిగా చెప్పలేదన్నాడు.

మరునాడు వెళ్లి ఫ్రావు హార్ట్‌మాన్‌కు ఉన్నమాట చెప్పాడు. ఆమె కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టిందట.

"మీ పెళ్లా? మరి ఆరు వారాలు ఆ పెద్దాయనతో గుర్రాల వెంట ఎందుకు తిరిగారు? జూన్‌లో నన్ను అడిగితే సరిపోయేది కదా."

ఆమె అప్పటికే కానరీ దీవులకు టికెట్లు కొనేసింది. విమానం రోజు మార్చగలిగినంత మార్చి, పన్నెండు రోజులు అతనికి వదిలింది. అంతకంటే ఒక్క రోజు కూడా కుదరదని నిక్కచ్చిగా చెప్పింది. అప్పటికి నేనూ ఆమె మాటను అలాగే తీసుకోవడం నేర్చుకున్నాను.

ముహూర్తానికి పెళ్లి జరిగింది. మరుసటి ఏడాది నేను పదవీ విరమణ చేశాను.

చెప్పేవాడి మాటను అనుమానించడం విలేకరికి మొదట నేర్పే పని. అది తప్పు శిక్షణేమీ కాదు. కానీ అబద్ధం చెబితే ఈ మనిషికి ఏమొస్తుంది అన్న ప్రశ్న ముందు వేసుకోవాలి. హెర్ లూడర్స్ విషయంలో నేను వేగం కొలిచాను, సాక్షిని విచారించాను, గుర్రం నీళ్ల దగ్గర ఆగడం కళ్లారా చూశాను, ఆ ఒక్క ప్రశ్న వేసుకోలేదు. అనుమానం ఒక పనిముట్టు. దాన్ని ఎక్కడ వాడకూడదో కూడా తెలిసి ఉండాలి.

ప్రశాంత్ దంపతులు ఇప్పటికీ హానోవర్‌లోనే ఉన్నారు, కూతురు కీటాకు, అంటే అక్కడి చిన్నపిల్లల బడికి, వెళుతోంది. పన్నెండు రోజుల్లో పెళ్లి, వ్రతం పూర్తయ్యాయి గానీ పదహారు రోజుల పండుగ మిగిలిపోయింది. దాన్ని ఇన్నేళ్ల తర్వాత చేయవచ్చా, చేస్తే పదహారో రోజును ఎక్కడినుంచి లెక్కపెట్టాలి అన్నదాని మీద రెండు వైపుల పురోహితులకూ ఇంకా ఏకాభిప్రాయం కుదరలేదు.