నాయనమ్మ కాశీలో వదిలేసిన నల్లద్రాక్ష

మా చిన్నప్పుడు... గుడివాడ నుంచి బాబాయి వచ్చాడంటే, వీధి గుమ్మంలో ఉండగానే ఆయన చేతిసంచిలో ఏముందో మాకు తెలిసిపోయేది. నల్లద్రాక్ష వాసన అలాంటిది మరి!

ఇప్పటి గింజల్లేని పొడుగు ద్రాక్ష కాదండోయ్... గుండ్రంగా, ముదురు ఊదారంగులో, పైన విభూతి రాసినట్టు సన్నటి తెల్లపొరతో ఉండేవి. నోట్లో వేసుకుని నొక్కితే తోలు ఒకపక్కకీ, గుజ్జు ఒకపక్కకీ జారేవి. తోలు కింద తీపి, గింజ చుట్టూ పులుపు. పొరపాటున గింజ కొరికామా... వగరు!

ఆ పళ్ళతో రసం తీయడంలో మా నాయనమ్మ చేతికి తిరుగులేదు. కానీ ఆవిడ మాత్రం ఒక్క పండు కూడా నోట్లో వేసుకునేది కాదు.

కాశీ వెళ్ళినవాళ్ళు ఇష్టమైన ఒక కాయా, ఒక పండూ అక్కడ వదిలేసి రావాలి కదా... మా నాయనమ్మ కాయ కింద కాకరకాయ వదిలేసింది. దాన్ని ఆవిడ ఎలాగూ తినదు! పండు దగ్గరే వచ్చింది చిక్కు. మామిడిపండు వదలాలంటే ప్రాణం ఒప్పుకోలేదు. రైల్లో ఎవరో పెడితే మొదటిసారి నల్లద్రాక్ష తిన్నదట... ఎంత నచ్చిందో! ఇంకేం, గంగలో మునిగి దాన్నే వదిలేసింది.

"ఇష్టమైందే వదిలాను, దేవుడు నన్ను మాటనడానికి లేదు. మన గూడూరు చుట్టుపక్కల ఆ పండు దొరకనే దొరకదు, నాకూ నష్టం లేదు" అని ఊరంతా గొప్పగా చెప్పుకుంది.

కొన్నాళ్ళకి మా ఊరికి దగ్గర్లోనే ఉన్న బందరులో, గుడివాడలో ఎక్కడ చూసినా నల్లద్రాక్ష బళ్ళే!

"నువ్వు గడుసుదానివే గానీ అమ్మా, గంగమ్మ నీకంటే గడుసుది" అని బాబాయి ఒకటే నవ్వు. నాయనమ్మ మూతి ముడుచుకుని పళ్ళు కడగడానికి లేచేది.

ఉప్పునీళ్ళలో కడిగి, కాసిని నీళ్ళతో పొయ్యి మీద పెట్టేది. తోళ్ళు పగిలి రంగు దిగాక పప్పుగుత్తితో మెల్లిగా మెదిపేది. గింజ నలగకూడదు, అదీ కిటుకు. తాతయ్య పాత పంచె ముక్కలో వడగట్టేది. ఆ గుడ్డకి అంటిన ఊదా మరక ఎన్ని ఉతుకులు ఉతికినా పోలేదు.

మరి చక్కెర సరిపోయిందో లేదో ఎలా తెలియాలి? అందుకు నేనున్నాగా! గరిటెతో నా అరచేతిలో పోసి, నా మొహంలోకి చూసేది.

"ఎలా ఉందే?"

"బాగుంది నాయనమ్మా."

"బాగుందంటే సరా? ముందు ఏం తగిలింది? పులుపా, తీపా? మింగాక ఏం మిగిలింది?"

నేను కళ్ళు మూసుకుని ఒక్కొక్కటే చెప్పేదాన్ని. ఆవిడ వింటూ గుటక వేసేది.

ఒక ఎండాకాలం ఆవిడకి జ్వరం పట్టుకుంది. నోట్లోకి ఏమీ పోవడం లేదు. డాక్టరుగారు ద్రాక్షరసం పట్టమన్నారు. అమ్మ రసం తీసి, గ్లాసుతో మంచం దగ్గర నిలబడింది.

"మందు కింద తాగితే దోషం లేదటమ్మా... పంతులుగారే చెప్పారు" అని నాన్న బతిమాలారు.

"మాటిచ్చింది నేనురా, పంతులుగారు కాదు" అంది నీరసంగా. తర్వాత నన్ను పిలిచింది. "నువ్వు తాగి చెప్పవే."

తాగాను. ఎంత బాగుందో! కానీ ఆ ఎండిపోయిన పెదాలు చూశాక బాగుందని ఎలా చెప్పను? "ఒట్టి పులుపు నాయనమ్మా... ఏం బాగాలేదు" అన్నాను.

ఆవిడ గ్లాసు వంక చూసింది, నా వంక చూసింది. "పుల్లగా ఉంటే అడుగుదాకా ఎందుకు తాగావే, దొంగా!" అంటూ నవ్వింది. అన్ని రోజుల్లో అదే మొదటి నవ్వు. "సరిగ్గా చెప్పు" అంది. ఏడుపు ఆపుకుంటూ మొత్తం చెప్పాను. విని, గుటక వేసి... ఆ సాయంత్రం తనే గంజి అడిగి తాగింది.

ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికింది. ఆ పండు మాత్రం ముట్టకుండానే వెళ్ళిపోయింది.

ఇప్పుడు అట్టపెట్టెల్లో రసాలు, ప్లాస్టిక్ డబ్బాల్లో గింజల్లేని ద్రాక్ష... నాలుకకి రంగు కూడా అంటదు. మొన్న బందరు వెళ్ళినప్పుడు ఒక బండి మీద ఆ పాత గింజల ద్రాక్ష కనిపించింది. ప్రాణం లేచొచ్చింది. తెచ్చి, గింజ నలగకుండా మెదిపి, రసం తీశాను. ఒక గుక్క తాగి, అలవాటుగా కళ్ళు మూసుకున్నాను... ముందు పులుపు తగిలింది నాయనమ్మా, వెనకే తీపి...

వంటింట్లో ఎవరూ లేరు.

మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళు కాశీలో ఏం వదిలేసి వచ్చారు? వాళ్ళ బదులు మీరు తిన్నది ఎలా ఉండేది? ఒట్టి 'బాగుంది' అంటే ఊరుకోను... ముందేం తగిలిందో, మింగాక ఏం మిగిలిందో చెప్పాలి. ఈసారి వినడం నా వంతు.