సోలార్ పలకల మీద పసుపు

పూజ సందడి సద్దుమణిగాక వింటే, పంకాల మోత సన్నబడి ఉంది. గారె తుంచి చిన్నదాని నోట్లో పెట్టబోతున్న నా చెయ్యి ఆగిపోయింది. ముందు పిల్లలెక్కడున్నారో చూసుకున్నాను. ఏ చప్పుడు మారినా నేను మొదట చేసే పని అదే. ఇద్దరూ షెడ్డులో నా ఎదుటే కూర్చుని ఉన్నారు. అప్పుడు తల తిప్పి, పైపుల మీద ప్లాస్టిక్ పట్టా కప్పి లోపల పంట వేసిన మా పాలీహౌస్ వైపు చూశాను. గోడకున్న రెండు పెద్ద పంకాల రెక్కలు విడివిడిగా కనిపిస్తున్నాయి. మబ్బు తునక లేని మిట్టమధ్యాహ్నం అవి అలా కనిపించకూడదు.

ఆ రోజు దసరా. జంగారెడ్డిగూడెం అవతల మా మెట్ట పొలంలో పనిముట్లకు పూజ చేసి, అక్కడే భోజనాలకు కూర్చున్నాం. మా ఆయన పండక్కి కూలీలకు స్వీట్లు తెస్తానని బండి మీద ఊళ్లోకి వెళ్లారు.

పొలాలకు కరెంటు వంతుల్లో వచ్చే రోజులవి. మా వంతు రాత్రిపూట. అందుకే మా ఆయన పాలీహౌస్ కప్పు మీదే సోలార్ పలకలు బిగించారు. పగలంతా పంకాలు తిరిగేది వాటితోనే. పలకకూ పలకకూ మధ్య జానెడు సందు వదిలారు. ఆ సందుల్లోంచి దిగిన ఎండ లోపల చారలుగా పడి, పొద్దుతో పాటు మొక్కల మీదుగా జరుగుతూ ఉండేది. ఏ మొక్కకూ ఎండ తక్కువ కాదు, ఏ మొక్కా మాడదు. ఒకే ఎండను పంటకూ పంకాలకూ పంచిన ఆ తెలివికి నేను రోజూ ముచ్చటపడేదాన్ని. తర్వాత అందులో ఎన్నో పంటలు చూశాను గానీ, పూతకొచ్చిన ఆ మొదటి క్యాప్సికం అంత అందంగా ఏదీ కనిపించలేదు.

ఆ పంట మీదే అంతా ఆధారపడి ఉంది. పొగాకు వేసే అరెకరం పాలీహౌస్‌కు వదిలేటప్పుడు మామగారు ఒకటే మాట అన్నారు. "ఒక్క పంట చూస్తానబ్బాయ్. కాదంటే ఈ పైపులు పీకి పాదులకి పందిరేసుకుంటా." క్యాప్సికం పూత వేడికి ఆగదు. లోపల వేడెక్కితే రాలిపోతుంది.

నేను పరుగున వెళ్లి తలుపు తీశాను. ఆవిరి ముఖానికి కొట్టింది. చిగుళ్లన్నీ తలలు వాల్చేశాయి. ఎందుకో వెతకాల్సిన పని లేదు. ఇందాక పూజలో అత్తగారు పలకలు తుడిచే ఇనప మెట్లెక్కి, ట్రాక్టరుకు పూసినట్టే ప్రతి పలకకూ దట్టంగా పసుపు పూశారు. మా పెద్దది వెనకే ఎక్కి కుంకుమ బొట్లు పెట్టింది. పైనుంచి అడ్డంగా బంతిపూల దండలు. పలకలో కొంత భాగం కప్పినా మిగతాదాని బలం కూడా పడిపోతుందని కాలేజీలో చదువుకున్నదాన్ని నేను.

"అత్తయ్యగారూ, ఆ పసుపు తుడిచెయ్యాలండి."

"తుడవడమేంటమ్మా? పూజ చేసి గంట కాలేదు. సాయంత్రం దాకా ఉంచాలి."

మామగారు విస్తరి ముందు నుంచి లేవకుండానే అందుకున్నారు. "ట్రాక్టరుకి పూసిన చేత్తో దానికీ పూసేసింది. అది డీజిలు తాగదే, ఎండ తాగుద్ది!"

"మీరు గారెలు తినండి చాలు," అంటూ అత్తగారు వచ్చి తలుపులోంచి తొంగి చూశారు. వాలిన చిగుళ్లను చూడగానే ముఖం మారింది. పైట నడుముకు చుట్టారు.

"బొట్టు నుదుట పెడతాం గానీ కంట్లో పెడతామా? నేను కంట్లో పెట్టేశాను. తప్పుకో అమ్మా."

"నీళ్లు పొయ్యకండి. కాలిన అద్దం, చిట్లుతుందేమో. తడిగుడ్డతో తుడుద్దాం."

యాభై దాటిన మనిషి, పట్టుచీర తడుస్తున్నా లెక్కచెయ్యకుండా నాకంటే ముందు ఎక్కారు. దండలు తీసి మెడలో వేసుకుని, ఒక్కో పలకా తుడుచుకుంటూ వెళ్లారు. నేను గుడ్డలు తడిపి అందించాను. తన పూజ తప్పయిందని అంత తొందరగా ఒప్పుకుని, చిన్నబుచ్చుకోకుండా దిద్దుకున్న మనిషిని నేను మళ్లీ చూడలేదు. ఆఖరి పలక తుడిచేసరికి కింద పంకాలు పాత మోత అందుకున్నాయి. ఆవిడ దిగబోతూ, పలకలు నిలిపిన ఇనప కాళ్లకు బొట్లు పెట్టి మరీ దిగారు.

సాయంత్రానికి చిగుళ్లు లేచాయి. మామగారు లోపలికెళ్లి చూసి, "రేపు చూద్దాం" అని మాత్రం అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తెల్లారి వెళ్లేసరికి సాళ్లలో తెల్లపూలు రాలి ఉన్నాయి. చాలా నిలిచాయి, కానీ రాలినవే కళ్లబడుతున్నాయి. మా పెద్దది గుప్పెడు ఏరుకొచ్చింది.

"నేను బొట్లు పెట్టినందుకేనా అమ్మా?"

ఇద్దరినీ గట్టు మీద కూర్చోబెట్టి చెప్పాను. "పలకలు కప్పితే పంకాలు తగ్గిపోతాయని నీకు తెలీదు, నానమ్మకీ తెలీదు. నాకు తెలుసు. మీరు మెట్లెక్కుతుంటే కిందే నిలబడి చూశాను. పెద్దావిడ పూజకు అడ్డం చెబితే ఏమనుకుంటారోనని నోరు మూసుకున్నాను. పంకాల తప్పూ లేదు, ఈ పాలీహౌస్ తప్పూ లేదు. తాతయ్య వచ్చి ఈ పూలు చూడకముందే ఆ మాట ఆయనతో చెప్పాలి. నాకు భయంగా ఉంది, మీరు కూడా నాతో రండి."